గొట్టానికి ఈ చివర

కుట్టు మిషను మోటారు గొంతు మారింది.

ఆమె పెడలు మీంచి కాలు తీసింది. వంగి చూడలేదు, మూత విప్పలేదు. పక్కనున్న నూనె డబ్బా ముక్కును మిషను నడుముకు ఆనించి ఓ చుక్క వేసి, మళ్ళీ కాలు నొక్కింది. గొంతు సర్దుకుంది. మందపాటి రెగ్జిన్ మీద సూది మళ్ళీ దడదడా పరుగెత్తింది.

కారు వెనక సీటు తొడుగు అది. మధ్యాహ్నానికల్లా షెడ్డుకు చేరాలి. పెళ్ళయిన కొత్తలో పట్టిన పని ఇది. మొగుడు కార్లు బాగుచేసే మేస్త్రీ, తను వాటి సీట్లకు తొడుగులు కుడుతుంది. "మీ ఇంట్లో కారొక్కటే తక్కువ, మిగతావన్నీ ఉన్నాయి" అని చుట్టాలు ఎగతాళి చేసేవారు. నిజమే. మంచం కింద రెగ్జిన్ చుట్టలు, కిటికీలో పాత అద్దం, తలుపు జారిపోకుండా అడ్డుపెట్టిన ఏదో బండి తాలూకు ఇనుప చక్రం. కారు మాత్రం ఎప్పుడూ రాలేదు. రావాలని వాళ్ళు పెద్దగా అనుకోనూ లేదు.

వెనకవైపు నీళ్ళు పొర్లుతున్న చప్పుడు వినిపించింది.

ఆమె లేచి వెళ్ళింది. కుళాయి కింద బకెట్టు నిండి, నీళ్ళు గచ్చు మీదుగా గుమ్మం దాకా వచ్చేశాయి. దానికి జానెడు దూరంలో మేస్త్రీ అద్దం ముందు నిలబడి నింపాదిగా గడ్డం గీసుకుంటున్నాడు. వీపు ఇటు ఉంది. ఆమె వెళ్ళి కుళాయి కట్టేసింది. అద్దంలో ఆమె కనిపించాక గాని ఆయనకు సంగతి తెలియలేదు.

"నేనే కట్టేద్దామనుకుంటున్నా," అన్నాడు.

"అనుకుంటూ ఉండండి. ఈలోగా మనం పడవ కొనుక్కుందాం."

ఆయన నవ్వాడు. ఆమె పెదవుల వంక చూసి నవ్వాడు. ఈమధ్య ఆయన చూపు మనిషి కళ్ళ మీద కాకుండా నోటి మీద ఆగుతోందని ఆమె ఏడాదిగా గమనిస్తూనే ఉంది. మగగొంతులు ఇంకా అందుతున్నాయి. సన్నగొంతులు, పిట్టలు, ఫోను గంటలు మాత్రం ఒక్కొక్కటే చెప్పకుండా వెళ్ళిపోయాయి. "మీరంతా ఈమధ్య ఎందుకలా గొణుగుతున్నారు?" అని ఓసారి కూతుర్ని కసిరాడు కూడా. అప్పట్నుంచి ఆమె ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుంది. వెనకనుంచి పిలవాల్సి వస్తే బల్ల మీద వేళ్ళతో తట్టేది. ఆ అదురు ఆయన మోచేతికి తగిలేది. తలెత్తేవాడు. ఎందుకు తట్టావని ఆయన అడగలేదు, ఎందుకు తడుతున్నానో ఆమె చెప్పలేదు.

ఇంకో పని చేసుకునేవాడైతే ఇందులో గాభరా పడాల్సింది లేదు. ఈయన బతుకంతా చెవి మీదే నడిచింది. ఆయన దగ్గర మూరెడు రబ్బరు గొట్టం ఒకటుంది. ఓ చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఇంజనులో ఒక్కో భాగం దగ్గరికీ తీసుకెళ్ళేవాడు. డాక్టరు గుండె చూసినట్టే. రోగం ఎక్కడుందో అక్కడ గొట్టం ఆగేది. "మేస్త్రీ చెవి పెడితే ఇంజను తనంతట తనే చెప్పేస్తుంది" అని ఊరంతా చెప్పుకునేది. ఆ చెవి పోయిందని తెలిస్తే, ఆ ఊరే రెండో రోజుకి ఇంకో షెడ్డు వెతుక్కుంటుంది.

అసలు మాట ఇప్పటికే బయట పడింది. నిన్న పాలబూత్ దగ్గర ఎదురింటావిడ పట్టుకుంది.

"మీవారికి వినబడటం లేదా ఏంటి? మావాడు వెనకనుంచి హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాట్ట. కొంచెం కూడా పక్కకి జరగలేదంట."

"పరధ్యానం," అంది ఆమె టక్కున. "ఎప్పుడూ ఆ ఇంజన్ల గోలే కదండీ."

అబద్ధం తడబడకుండానే వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం పాలు పొయ్యి మీద పెట్టి వెలిగించడం మర్చిపోయింది.

మధ్యాహ్నం సీటు తొడుగు మడిచి చంకలో పెట్టుకుని, క్యారేజీ చేత పట్టుకుని బయల్దేరింది. టైర్ల దుకాణం, దాని పక్కన తాళాలు చేసే అతని బండి, ఆ తర్వాత ఎప్పుడూ తడిగా ఉండే సందు. సందు చివర రేకుల షెడ్డు.

మలుపు తిరక్కముందే ఆమెకు ఆ కూత వినిపించింది.

సన్నగా, విడవకుండా, ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన పసిబిడ్డ మూలుగులా. ఎవరిదో బండి కదలకుండా నిలబడి ఉంది, ఇంజను ఊరికే తిరుగుతోంది, దాని కడుపులోంచి వస్తోందా కూత. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున తన మిషను మోటారు పలికింది ఇదే గొంతుతో. ఇంజన్ల సంగతి తనకేం తెలుసు గనక? కాని నూనె ఆరిపోయి తిరిగే చక్రం ఎలా ఏడుస్తుందో తెలుసు.

షెడ్డులో నర్సమ్మ పాత కారు నిలబడి ఉంది. దాని రంగు ఒకప్పుడు నీలం. ఇళ్ళకు వెళ్ళి కాన్పులు చేస్తుంది నర్సమ్మ. ఊరవతల కొండదారిలో ఉన్న ఇళ్ళ నుంచి కూడా ఆమెకే కబురొస్తుంది. ఆ కారు ఆగిపోతే ఆ దారిలో ఎవరో ఒకరి ప్రాణం మీదికొస్తుంది.

బానెట్ ఎత్తి ఉంది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటున్నాడు. మొహంలో పని ముగించిన తృప్తి.

"చూశారా? పాత బెల్టు ఏడుపు. కొత్తది వేశాను. ఇప్పుడు బతిమాలినా కూత పెట్టదు."

కూత అలాగే ఉంది.

నర్సమ్మ ఇంజను వంక చూసింది. మేస్త్రీ వంక చూసింది. తర్వాత షెడ్డులో రెండో సగం అద్దెకు తీసుకుని కార్ల సొట్టలు తీసే అతని వంక చూసింది. వీధిలో అందరూ అతణ్ణి సుత్తి అంటారు. చేతిలో ఉండేదీ అదే, నోట్లోంచి వచ్చేదీ అదే. అలాంటి సుత్తి కూడా ఆ క్షణంలో నోరు మెదపలేదు. సుత్తి పక్కన పెట్టేసి, పైకప్పు రేకుల్లో ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

ముగ్గురికీ వినిపిస్తోంది. ఒక్కడికే వినిపించడం లేదు. ఆ ఒక్కడే నవ్వుతున్నాడు.

"సరే మేస్త్రీగారూ," అంది నర్సమ్మ చివరికి, మెల్లగా. "వెళ్ళొస్తాను మరి."

ఆ 'సరే'లో ఏముందో ఆమెకు అర్థమైంది. నర్సమ్మ మంచిది, మొహం మీద అనదు. ఈ బండిని తిన్నగా ఇంకో షెడ్డుకు తీసుకెళ్తుంది, లేదా కాన్పు పిలుపొస్తే అలాగే కొండెక్కిస్తుంది. అక్కడ ఎవరో అడుగుతారు, మీ మేస్త్రీ చూడలేదా అని. నర్సమ్మ అబద్ధం ఆడదు.

నోరు తెరిచి "కూత పోలేదండీ" అంటే బండి దక్కుతుంది, నలుగురి ముందు మనిషి పోతాడు. ఊరుకుంటే మనిషి దక్కుతాడు, బండి దారిలో ఆగుతుంది.

నర్సమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"అయ్యో, అప్పుడే వెళ్ళిపోతారేంటండీ?" ఆమె క్యారేజీ బల్ల మీద టంగుమని పెట్టింది. "ఆయన ఇంకా గొట్టమే పెట్టలేదు. అది పెట్టకుండా ఏ బండినీ గడప దాటనివ్వరు. నన్ను చూసి అన్నం గుర్తొచ్చి మర్చిపోయినట్టున్నారు."

మేస్త్రీ ఆమె పెదవుల వంక చూస్తూనే ఉన్నాడు. మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. గోడకున్న మేకు మీంచి గొట్టం తీశాడు.

చెవిలో పెట్టుకుని ఇంజను మీదికి వంగాడు. నీళ్ళ పంపు దగ్గర ఆపాడు. బెల్టు సాగకుండా పట్టుకునే చిన్న చక్రం దగ్గర ఆపాడు. తల పంకించాడు. ఇంకోచోట ఆపాడు, మళ్ళీ పంకించాడు. చెవి వినపడనివాడు వింటున్నట్టు తల ఊపడం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి కోపం చూసింది, ఏడుపు చూసింది, పండగ పూట తాగొచ్చి గుమ్మంలో పాటలు పాడటం కూడా చూసింది. నటించడం ఎన్నడూ చూడలేదు. బొత్తిగా చేతకాలేదు ఆయనకి.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఎదురుగా వచ్చి, మొహం కనబడేలా.

"ఏవండీ, ఓసారి నాకివ్వండి. జన్మంతా సీట్లే కుట్టాను. ఇంజను గుండెకాయ ఎలా కొట్టుకుంటుందో ఒక్కసారైనా వినిపించారా నాకు?"

"ఇప్పుడా?" అన్నాడు.

"వినిపించన్నా!" సుత్తి అందుకున్నాడు గట్టిగా, షెడ్డు అదిరేట్టు. "పెళ్ళిచూపుల్లోనే చూపించాల్సింది. వదిన అప్పుడే పారిపోయి బతికిపోయేది!"

నర్సమ్మ నవ్వేసింది. తలుపు పిడి వదిలేసింది.

మేస్త్రీ గొట్టాన్ని ఒక్క క్షణం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కళ్ళలోకి చూశాడు, పెదవుల వంక కాదు. తర్వాత చెవిలోంచి తీసి, చివరను తన చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, ఆమె చేతికిచ్చాడు.

ఆ చివర వెచ్చగా ఉంది. ఆమె చెవిలో పెట్టుకుంది. అటు చివర ఆయన చేతిలో ఉంది.

నీళ్ళ పంపు దగ్గర గలగల. ఎసరు మరుగుతున్నట్టు, ఏ బాధా లేని చప్పుడు. చిన్న చక్రం దగ్గర ఊరికే గాలి ఒరిపిడి. ఆయన ఆమె మొహాన్నే చూస్తూ గొట్టాన్ని ఇంకొంచెం కిందికి జరిపాడు, బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ దగ్గరికి.

చెవిలో ఈల వేసినట్టయింది.

ఆమె నోరు తెరవలేదు. ఎడమ చేతి వేళ్ళతో కారు మడ్గార్డు మీద తట్టింది. ఇంట్లో బల్ల మీద తట్టినట్టే.

ఆయన గొట్టాన్ని పక్కకు జరిపాడు. ఆమె వేళ్ళు ఆగాయి. తిరిగి తెచ్చాడు. వేళ్ళు మళ్ళీ తట్టాయి.

మేస్త్రీ నిటారుగా నిలబడ్డాడు.

"ఆల్టర్నేటర్ బేరింగు," అన్నాడు. నర్సమ్మ వైపు తిరిగి, "బెల్టు కాదమ్మా. నాదే పొరపాటు. ఇందాక సరిగ్గా చూడలేదు," అన్నాడు.

ఇంజను ఆపి కొత్త బెల్టును ఊడదీశాడు. బెల్టు లేకుండా కాసేపే తిప్పి చూశాడు. ఈసారి ఆయన ఇంజను వంక చూడలేదు, తిన్నగా భార్య వంక చూశాడు. కూత లేదు. ఆమె రెప్ప వాల్చి ఎత్తింది. అప్పుడు ఇంజను ఆపి, ఆల్టర్నేటర్ చక్రాన్ని వేళ్ళతో మెల్లగా తిప్పాడు. తిప్పుతుంటే ఆయన మొహం మారింది.

"ఇసక నలిగినట్టుంది లోపల," అన్నాడు. గొంతులో పాత ధీమా తిరిగొచ్చింది. "గ్రీజు ఎండిపోయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పితే బిగుసుకుపోయి బెల్టు తెంపేది. బెల్టు తెగితే నీళ్ళ పంపూ ఆగిపోతుంది. కొండ మీద ఇంజను ఉడికి కూర్చునేది మీకు."

చెవి ఇవ్వని జవాబు వేళ్ళిచ్చాయి. ఆ వేళ్ళకు ఎక్కడ వెతకాలో చెప్పేవాళ్ళే కావలసి వచ్చింది, అంతే.

సుత్తి స్కూటరేసుకుని వెళ్ళి బేరింగు తెచ్చాడు. దారిలో ఎవరికీ ఏమీ చెప్పకుండా తిరిగొచ్చాడు, అది అతని జీవితంలో చిన్న విషయం కాదు. మేస్త్రీ పాతది లాగి, కొత్తది మెల్లగా కొట్టి కూర్చోబెట్టాడు. అంతా బిగించి ఇంజను తిప్పాక షెడ్డులో ఇంజను మామూలు గురక తప్ప ఇంకేం లేదు. నర్సమ్మ కారెక్కి అద్దం దించింది. మేస్త్రీని చూసి, ఆమెను చూసి, "ఇద్దరూ చూశారుగా, ఇక నాకు బెంగ లేదు," అని మాత్రం అంది.

నర్సమ్మకు తెలిసిపోయిందా? తెలిసే ఉంటుంది. పుట్టిన బిడ్డ మొదటి ఏడుపు కోసం చెవులు రిక్కించి నిలబడే మనిషి కదా.

క్యారేజీ విప్పేసరికి అన్నం చల్లారిపోయింది. సుత్తి ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోయాడు. ఇద్దరూ పాత సీటు మీద పక్కపక్కన కూర్చున్నారు.

ఆయన నాలుగు ముద్దలు తిన్నాక, కంచం వంకే చూస్తూ అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఆమె ఆయన తలెత్తేదాకా ఆగింది. "మీకెప్పుడు తెలిసిందో అప్పట్నుంచే."

"అడగలేదే?"

"మీరు చెప్పలేదే?"

ఆయన గిన్నె మూతను అటూ ఇటూ తిప్పాడు. "పిట్టలు రావడం మానేశాయనుకున్నాను ముందు. చెట్టు మీద చూస్తే ఉన్నాయి. నోళ్ళు తెరుస్తున్నాయి. చప్పుడు లేదు." మూతను గిన్నె మీద పెట్టేశాడు. "భయమేసింది."

"నాతో చెప్పుకుంటే తినేస్తానా?"

"నువ్వు జాలిపడతావని."

"జాలా! మీ మీదా?" ఆమె ఇంకాస్త కూర వడ్డించింది. "పొద్దున్న ఆ గచ్చంతా తుడిచింది ఎవరు? నా మీద పడాలి ఎవరైనా జాలి."

ఆయనకు పొలమారింది. నవ్వీ దగ్గీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు చాలాసేపు ఆగలేదు. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది, దగ్గు కోసమే అన్నట్టు.

చేతులు కడుక్కుని వచ్చాక గొట్టాన్ని మేకుకు తగిలించబోయి ఆగాడు.

"రేపు కూడా వస్తావా?"

"వస్తే నా కుట్టుపని ఎవరు చేస్తారు, మీ సుత్తా?"

"మిషను ఇక్కడే పెట్టుకో. ఆ కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది." ఆ మాట అన్న తీరు చూస్తే, ఆ మూల ఖాళీ చేసి ఎన్నాళ్ళో అయినట్టుంది.

అలా కుట్టు మిషను షెడ్డుకు వచ్చింది. ఆ కిటికీ పక్కన ఆమె కుట్టేది, ఇటు ఆయన విప్పేవాడు. కొత్త బండి వస్తే గొట్టం ఒక చివర ఆమె చెవిలో, రెండోది ఆయన చేతిలో. ఆమె చప్పుళ్ళకు పేర్లు పెట్టింది. పళ్ళు నూరే అత్తగారు, ఆవలింత, ఎండు చేప. "ఎండు చేప ఎక్కడుంది?" అని ఆయన అడిగేవాడు గంభీరంగా. వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవారు. కొందరికి సంగతి తెలిసింది, కొందరికి తెలియలేదు. తెలిసినవాళ్ళు తెలియనట్టే ఉండిపోయారు. షెడ్డుకు బండ్లు రావడం మాత్రం మానలేదు. పిల్లకు పెళ్ళి చేసి పంపాక ఇంట్లో మాటలు కరువైపోయాయని లోలోపల కుమిలిన ఆమెకు, ఈ వయసులో మొగుడితో రోజంతా మాట్లాడటానికి పని దొరికింది.

కొన్నాళ్ళకు కూతురు చెవికి పెట్టుకునే మిషను కొని తెచ్చింది. "నాన్నా, ఇది పెట్టుకుంటే చీమ నడిచినా వినబడుతుంది" అని చేతిలో పెట్టి వెళ్ళింది. ఆమె రెగ్జిన్ కొనడానికి బజారుకు వెళ్ళిన పూట ఆయన దాన్ని పరీక్షించాడట. తిరిగొచ్చేసరికి పెదవి విరిచేశాడు.

"పనికిరాదు. చెవిలో కాకుల సంత. నీ గొంతుకీ, సుత్తి దెబ్బకీ తేడా తెలియలేదు."

"ఇన్నాళ్ళకి నిజం కక్కావన్నా," అన్నాడు సుత్తి.

కూతురు అలిగింది. ఇంకో రకం తెస్తానంది. ఆయన వద్దన్నాడు. ఆమె కూడా గట్టిగా పట్టుబట్టలేదు. ఎందుకు పట్టుబట్టలేదో ఎవరూ అడగలేదు కనుక చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏళ్ళు అలాగే గడిచాయి. నర్సమ్మ కారు నాలుగైదుసార్లు వచ్చింది, ఆఖరుకి అది ఇనపసామానుకు వెళ్ళిపోయింది. సుత్తికి జుట్టు ఊడింది, మాటలు ఊడలేదు.

ఆ రోజు భోజనమయ్యాక మేస్త్రీ పాత సీటు మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. చొక్కా మీద గ్రీజు మరక, చేతిలో తుడుచుకునే గుడ్డ. ఆమె ఓ ముందు సీటు తొడుగు అంచు మడిచి కుడుతోంది. సుత్తి ఓ తలుపు సొట్ట తీయడానికి సుత్తి ఎత్తాడు.

"కాసేపు ఆపవయ్యా. పడుకున్నారు," అంది ఆమె.

"అన్నకెలాగూ వినపడదు కదా వదినా?"

"అయినా ఆపు."

సుత్తి ఆపాడు. ఆమె కూడా పెడలు మీంచి కాలు తీసేసి, మిగతా కుట్టు చేత్తో వేసింది. షెడ్డులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. రేకు మీద పిట్టేదో నడిచింది. కుట్టు పూర్తయింది. దారం కొరికి, తొడుగు దులిపి, కూర్చుని చూడమని చెప్పడానికి ఆమె ఆయన దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. సుత్తి దగ్గరికొచ్చి చూసి, షెడ్డు తలుపు ఓరగా వేశాడు.

దినవారాలు అయ్యాక, పదిహేను రోజులకి ఆమె మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. కూతురు వద్దంది. కుట్టాల్సిన సీట్లున్నాయని చెప్పింది. ముందు ఆయన పనిముట్లు సర్దుదామని ఇనుప బల్ల సొరుగులు ఒక్కొక్కటే లాగింది. స్పానర్లు, నట్లు, అరిగిన స్క్రూడ్రైవర్లు, అన్నిటికీ జిడ్డు. అట్టడుగు సొరుగులో మాత్రం ఓ మూల తెల్లటి గుడ్డ మూట ఉంది. గ్రీజు చేత్తో ఒక్కసారి కూడా తాకని మూట. విప్పితే కూతురు తెచ్చిన చెవి మిషను డబ్బా.

లోపల మిషను మెత్తటి గుంటలో పడుకుని ఉంది. పక్కనే గుండ్రటి చిన్న బ్యాటరీలు.

"ఏం చెయ్యను దీన్ని?" అంది సుత్తితో. "ఆయనకి పడలేదన్నారు గాని, ఇంకెవరికైనా పడుతుందేమో. మీ అమ్మ పెట్టుకుంటుంది కదా ఇలాంటిది, తీసుకెళ్ళు."

సుత్తి డబ్బా అందుకుని వెలుతురులోకి తీసుకెళ్ళాడు. మిషను తీసి చూశాడు, బ్యాటరీల అట్ట తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు.

"వదినా," అన్నాడు. అంత చిన్న గొంతు అతనికుందని ఆమెకు తెలియదు. "ఈ బ్యాటరీ మీద కాగితం ఉంటుంది చూశావా, అది పీకి లోపల పెడితే గాని మిషను పలకదు. మా అమ్మకి వారం వారం నేనే పీకి పెడతా."

"ఊఁ?"

"అన్న ఒక్కటి కూడా పీకలేదు."

ఆమె డబ్బా వెనక్కి తీసుకుంది.

"దొంగ," అంది. నవ్వుతూ అంది. గొంతు మాత్రం నవ్వలేదు. కుట్టు మిషను ముందు కూర్చుని, సీటు తొడుగు ముందుకు లాక్కుని, పెడలు మీద కాలు పెట్టింది. డబ్బా మూత వెయ్యకుండా పక్కనే కిటికీ గట్టు మీద ఉంచింది.

మధ్యాహ్నపు ఎండలో బ్యాటరీలు వరుసగా మెరుస్తున్నాయి, ఒక్కోదాని నెత్తిన అంచైనా లేవని ఓ నారింజ రంగు కాగితం ముక్కతో.